మట్టి గాజులు, పాపానాయుడుపేట పూసలు

(కడపలో ఒక ఆదివారం సాయంత్రం, మిత్రుల సమావేశంలో ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ మాట్లాడిన మాటలివి. రికార్డింగు విని రాసుకున్నది.)

మైకు కాస్త కిందికి దించు నాయనా, నేనంత పొడుగు లేను. ఆఁ, చాలు. వెనకాల వరసకి వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచినవాళ్లు ఏమన్నారంటే, "మేడం, సైన్సు మీద ఏదో ఒకటి మాట్లాడండి, కాకపోతే ఈక్వేషన్లు మాత్రం వద్దు" అన్నారు. ముప్పై ఏళ్లకు పైగా బోర్డు మీద అవే రాసి రాసి నాకూ మొహం మొత్తింది కాబట్టి వెంటనే ఒప్పుకున్నా. ఒక ప్రయాణం గురించి చెప్తాను. పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరిన ప్రయాణం. కరోనాకి ముందు ఏడాది, ఫిబ్రవరిలో, మేం పదకొండు మంది ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని గాజు చూడ్డానికి పోయినాం.

"గాజు చూడ్డానికి పోతున్నాం" అని ఇంట్లో చెప్తే మా ఆడబిడ్డ, "ఎవరి పెళ్లొదినా? గాజులు కొనడానికి తిరుపతి దాకా ఎందుకు, వైవీ స్ట్రీట్లో దొరకవా?" అంది. (నవ్వులు) నవ్వకండి, తప్పు ఆమెది కాదు. మన భాషలోనే ఉంది ఆ తమాషా. కిటికీకి వేసేదీ గాజే, చేతికి వేసేదీ గాజే. గాజుతో చేసిన కడియాన్ని ఎన్ని వందల ఏళ్లు వేసుకున్నామో, చివరికి వస్తువు పేరే నగ పేరైపోయింది. ఎంతగా అయిపోయిందంటే బంగారంతో చేసినా "బంగారు గాజులు" అంటాం. ప్లాస్టిక్కుతో చేసినా గాజులే. ఇంక అసలు గాజుతో చేసిన గాజుల్ని ఏమనాలి? వాటికి వేరే పేరు వెతుక్కోవాల్సి వచ్చింది. మట్టి గాజులు అన్నాం. నిజమైన గాజుని పట్టుకుని మట్టి అంటున్నాం!

చిన్నప్పుడు ఇది నాకు పెద్ద చిక్కుముడి. మట్టి కుండ తెలుసు, మట్టి గోడ తెలుసు, ఇంత నున్నగా మెరిసేది మట్టి ఎట్లా అయితుంది? మా జేజినడిగితే "మట్టిలోనుంచి వస్తాయి, మట్టి గాజులు. దాంట్లో అడిగేదానికేముంది" అని మూడు ముక్కల్లో తేల్చేసింది. ఎమ్మెస్సీ చదివిన తరవాత తెలిసింది, జేజి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజమని.

గాజంటే ఇసుక. శుద్ధమైన ఇసుక, అంటే సిలికా, ఒక్కదాన్నే కరిగించాలంటే 1,700 డిగ్రీల దాకా వేడి కావాలి. పాతకాలంలో ఏ బట్టీకీ అంత సత్తా ఉండేది కాదు. అందుకని దాంట్లో సోడా, అంటే బట్టల సోడా లాంటిది, కలిపేవాళ్లు. సోడా కలిస్తే ఇసుక చాలా తక్కువ వేడికే లొంగుతుంది. కానీ ఉత్త ఇసుకా సోడా కలిపి చేసిన గాజు నీళ్లలో కరిగిపోతుంది, పనికిరాదు. కాస్త సున్నం పడితే అప్పుడు నిలబడుతుంది. ఇసుక, సోడా, సున్నం. ఇదిగో ఈ నీళ్ల గ్లాసు, ఆ కిటికీ, మా ఆడబిడ్డ చేతి గాజులు, అన్నీ ఈ మూడే.

ఇసుక సరే, సోడా ఎక్కడినుంచి తెచ్చేవాళ్లు? ఇక్కడున్నవాళ్లలో సేద్యం ఉన్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. మీ పొలాల్లో చౌడు ఉందా? ఎండాకాలంలో నేల మీద తెల్లగా పొంగుతుందే, అది. దాన్ని తిట్టనోడు మన జిల్లాలో లేడు. గింజ మొలవదు, కాలికి కొరుకుతుంది. చాకలివాళ్లు మాత్రం ఆ మట్టిని ఎత్తుకుపోయి బట్టలుతికేవాళ్లు, ఎందుకంటే అందులో ఉన్నది సోడా. మన దేశంలో పాత గాజు చాలావరకు ఆ చౌడుతోనే తయారైంది. ఎక్కడో దూరం పోనక్కర్లేదు, మన అనంతపురాన్ని ఆనుకుని చిత్రదుర్గం జిల్లా ఉందే, అక్కడ మత్తోడు అనే ఊర్లో గాజులు చేసేవాళ్లు. ఫ్రాన్సిస్ బుకానన్ అనే ఈస్టిండియా కంపెనీ డాక్టరు 1800-01లో ఆ దారిన పోతూ, సోడా ఉన్న మట్టినీ తెల్లరాయి పొడినీ కలిపి గాజు ఎట్లా చేస్తున్నారో చూసి రాసిపెట్టినాడు. ఇసుకకీ చౌడుకీ పుట్టిందాన్ని మట్టి అనక ఏమంటారు? జేజి గెలిచింది.

ఇంకో మాట. మీలో నలభై దాటిన వాళ్లందరూ చిన్నప్పుడు గాజు పని చేసినవాళ్లే. చెయ్యలేదంటారా? పగిలిన గాజు ముక్కలు... పగిలిన అనకూడదు, మా అమ్మ వింటే తిట్టేది, గాజు "పెరిగింది" అనాలి... ఆ పెరిగిన గాజు ముక్కలు ఏరుకొచ్చి, కొవ్వొత్తి మంట మీదో బుడ్డీ దీపం మీదో పెట్టి, మధ్యలో మెత్తబడగానే రెండు కొసలూ దగ్గరికి వంచి, ఒకదాంట్లో ఒకటి తగిలించి గొలుసు చెయ్యలేదూ? (సభలో ఒకరు: "మా ఇంట్లో గుమ్మానికి కట్టినాం మేడం!") చూశారా. మా వాకిలికీ ఉండేది. ఎరుపూ పచ్చా ఆకుపచ్చా కలిపి. వేళ్లు కాలేవి, అయినా మానేవాళ్లం కాదు. ఆ మెత్తబడే క్షణం ఉంది చూడండి, అంతవరకూ పుల్లలాగా బిరుసుగా ఉన్నది ఒక్కసారిగా జీడిపాకంలాగా వంగుతుంది. మంచుగడ్డ కరిగినట్టు ఒక్క గీత దగ్గర కరగదు గాజు. వేడెక్కే కొద్దీ మెత్తబడుతూ పోతుంది, చల్లారే కొద్దీ గట్టిపడుతూ వస్తుంది. ఆ రెంటికీ నడుమ ఉన్న కాస్త వ్యవధిలోనే ప్రపంచంలో ఉన్న గాజు పనంతా జరుగుతుంది. రేడియో బుగ్గైనా, పూల కూజా అయినా, మీ గుమ్మం గొలుసైనా.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానంటే, దానికి ముందు నేనొక మోసంలో పడినాను. ఒక ఊర్లో ఎగ్జిబిషన్ పెట్టినారు. అక్కడ నీలం రంగు గాజు కూజా ఒకటి, ఇంత మందంగా, బలంగా, "నోటితో ఊది చేసిందమ్మా" అంటే తొమ్మిది వందలు పెట్టి తెచ్చుకున్నా. టీవీ పక్కన పెట్టుకున్నా. మూడో రోజు రాత్రి రెండింటప్పుడు హాల్లో "టప్"మని శబ్దం. లేచి లైటు వేస్తే, ఎవరూ ముట్టుకోకుండానే కూజా నిలువునా రెండు చెక్కలైంది. పిల్లి కూడా లేదు మా ఇంట్లో. వాపసు తీసుకుపోతే అంగడాయన "మీరే ఎక్కడో తగిలించుంటారు" అన్నాడు. ముప్పై ఏళ్లు గాజు సామాన్ల మధ్య బతికినదాన్ని, నాకు చెప్తున్నాడు తగిలించానని! అది సరిగా చల్లార్చని గాజు. వేడిగా ఉన్న గాజుని అట్లే గాలికి వదిలేస్తే పైపొర ముందు బిగుసుకుంటుంది, లోపలిది ఇంకా వేడిగా ఉండి తరవాత ముడుచుకోవాలని చూస్తుంది, పైపొర ముడుచుకోనివ్వదు. లోపల లోపల గుంజులాట. కంటికి ఏమీ కనపడదు. రెండు రోజులో, రెండు నెలలో, ఎప్పుడో ఒకనాడు చిన్న గీత దొరికితే చాలు, పగులుతుంది. అందుకే చేసిన వస్తువుని దాదాపు 500 డిగ్రీల వేడిలో పెట్టి, అక్కడినుంచి గంటల తరబడి నిదానంగా దించుతారు. ఎనీలింగ్ అంటారు. మందంగా ఉంటే రాత్రంతా పడుతుంది. కరెంటు ఖర్చు, గ్యాసు ఖర్చు. మిగిల్చుకోవాలంటే అక్కడే మిగిల్చుకుంటారు, ఎందుకంటే కొనేవాడికి తెలియదు కాబట్టి.

ఆ కోపం మీద, అసలు పని ఎట్లా చేస్తారో కళ్లారా చూడాలనుకున్నా. గూడూరు దగ్గర చిల్లకూరు, కోట వైపు గనుల్లో తెల్ల ఇసుక తవ్వి గాజు ఫ్యాక్టరీలకి పంపుతారని పాఠంలో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. ఆగ్రా పక్కనున్న ఫిరోజాబాదు గురించీ చెప్పేదాన్ని. ఇవాళ మన బజార్లో దొరికే గాజులన్నీ దాదాపు అక్కడివే. తాజ్‌మహల్ రాయి పాడవుతోందని సుప్రీంకోర్టు 1996లో ఉత్తర్వులిచ్చింతర్వాత అక్కడి బట్టీలు బొగ్గు మాని గ్యాసుకి మారినాయి. కానీ ఫిరోజాబాదు పోయి రావడం ఒక రోజు పని కాదు. ఒక రోజులో పోయి రాగలిగింది మనకి పాపానాయుడుపేట.

పేరు విన్నవాళ్లెవరైనా ఉన్నారా? ఒక్కరే. చూశారా, నాకు భలే బాధగా ఉంటుంది. అప్పుడది చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా, ఏర్పేడు మండలం. రేణిగుంట దాటి కాస్త దూరం. కాళహస్తికి నలభై సార్లు పోయినవాళ్లు ఉంటారు ఇక్కడ, పక్కనుంచే పోతారు.

పొద్దున నాలుగున్నరకి బయల్దేరినాం. ఒంటిమిట్ట దాటేటప్పటికి ఇంకా చీకటే, బండిలోనుంచే రాముడికి దండం పెట్టుకున్నాం. రాజంపేటలో కాఫీ. కోడూరులో ఎర్రకారం దోసె, మా బ్యాచ్‌లో ఒకాయన నాలుగు తిన్నాడు, పేరు చెప్పను, ఇక్కడే కూర్చున్నాడు. (నవ్వులు) అడవి దారిలో టైరు పంచరై ముప్పావుగంట పోయింది. ఆ మాట ఎందుకు చెప్తున్నానంటే, ఆ ముప్పావుగంట వల్లనే మేం సరిగ్గా గుంజుడు, అంటే కరిగిన గాజుని తీగలాగా లాగే పని, మొదలయ్యే వేళకి చేరినాం. ముందే పోయుంటే టీ తాగేసి తిరిగొచ్చేవాళ్లమేమో.

అక్కడ చేసేది పూసలు. చిన్న చిన్న గాజు పూసలు, ఆవగింజకి కాస్త పెద్దవి. "ఓస్, పూసలా" అనిపిస్తుంది కదా? నాకూ అనిపించింది. బట్టీ ఉన్న కొట్టంలోకి అడుగు పెట్టగానే ఆ "ఓస్" ఎగిరిపోయింది. వేడి మొహం మీద చెంపదెబ్బలాగా తగులుతుంది. మట్టితో కట్టిన బట్టీ, దానికి రెండు పక్కలా కంతలు. కంతలోకి చూస్తే లోపల నారింజ రంగు, అంతే, ఇంకేమీ కనపడదు, కళ్లు మూసుకున్నా కాసేపు అదే రంగు.

వాళ్ల దగ్గర ఒక పొడుగాటి ఇనప గొట్టం ఉంటుంది. లాడా అంటారు. కరిగిన గాజుని దాని కొసకి ముద్దలు ముద్దలుగా చుట్టి చుట్టి, బండ మీద దొర్లించి దొర్లించి కోసుగా చేస్తారు. అప్పుడే దాని నడుమ కన్నం పడేట్టు చూసుకుంటారు. కిలోల బరువు. ఒక్కరు ఎత్తలేరు, తిప్పలేరు, ఇద్దరు ముగ్గురు ఉండాలి. ఆ ముద్దని బట్టీలో ఒకవైపు కంతలోనుంచి లోపలికి పెట్టి గొట్టం తిప్పుతూ ఉంటారు. అవతలి వైపు కంత దగ్గర పెద్ద మేస్త్రి. ఆయన ఒక కొక్కెం లోపలికి పోనిచ్చి ఆ మెత్తని కొసని పట్టుకుని గుంజుతాడు. గుంజితే ఏం వస్తుంది? గొట్టం వస్తుంది. సన్న గొట్టం! లోపల కన్నం అట్లనే ఉంటుంది, పూడిపోదు. లావు ముద్దకి లావు కన్నం, సన్న తీగకి సన్న కన్నం. బెల్లం పాకం తీగ సాగినట్టు సాగుతూ ఉంటుంది, గాలి తగలగానే బిగుసుకుంటుంది, చేతికి చేయి మార్చి మార్చి గుంజుతూనే ఉంటాడు. ఆపకూడదు. ఆగితే అక్కడ లావవుతుంది, తొందరపడితే సన్నబడి తెగిపోతుంది. ముద్ద అయిపోయేదాకా గంటల తరబడి అదే పని. సీసా మెడలాగా కాదు, ఊలు దారంలాగా ఒకే మందంలో రావాలి. ఆ మందాన్ని కొలిచే మీటరేమీ లేదు, ఆయన వేళ్లే.

నేను గడియారం చూసుకున్నా. నలభై నిమిషాలు నిలబడి చూశాను. ఆయన మొహం తుడుచుకోవడానికి కూడా చెయ్యి వదల్లేదు. ఇంకొకాయన వచ్చి తుడిచి పోయినాడు.

ఇప్పుడొక మాట చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. మన సీమలో మగవాణ్ణి తిట్టాలంటే "గాజులు తొడుక్కున్నావా?" అంటారు. సభల్లో అంటారు, ఎలక్షన్లలో అంటారు, గాజులు పళ్లెంలో పెట్టి పంపుతారు. ఆ బట్టీ ముందర ఒక్క పది నిమిషాలు నిలబడి తరవాత అనమనండి ఆ మాట. (చప్పట్లు) వద్దు, చప్పట్లెందుకు, నాకు నిజంగానే మండుతుంది.

ఆ గొట్టాల్ని మూరెడు మూరెడు ముక్కలు చేసి కట్టలు కడతారు. పదునుగా నిలబెట్టిన ఇనప బద్ద మీద గుప్పెడు గొట్టాలు పెట్టి, ఇంకో బద్దతో టకటకా కొడుతూ ఉంటే పూసలు రాలతాయి. కొసలు కోసుకుంటాయి కదా, బ్లేడులాగా ఉంటాయి. దానికి చేసేది నాకు భలే నచ్చింది. పూసల్ని బూడిదలో కలిపి, బూడిద కన్నాల్లోకి దూరేట్టు బాగా పిసికి, మళ్లీ వేడి చేస్తూ కలయబెడతారు. మనం ఇసకలో బొరుగులు వేయించినట్టు. కొసలు కరిగి గుండ్రమవుతాయి, కన్నంలో బూడిద ఉంది కాబట్టి అది మూసుకుపోదు, పూసలు ఒకదానికొకటి అంటుకోవు. ఆ తరవాత జల్లెడ పట్టి, కడిగి, దారాలకెక్కించడం. అది ఆడవాళ్ల పని. పొడుగు సూదులు నాలుగైదు వేళ్ల మధ్య విసనకర్రలాగా పట్టుకుని పూసల రాశిలో దూర్చి తిప్పుతుంటే, పూసలు వాటంతట అవే ఎక్కుతున్నట్టుంటుంది. మా వాళ్లలో ఒకామె కూర్చుని ప్రయత్నించింది. పావుగంటలో పదకొండు పూసలు ఎక్కించింది. అక్కడి అక్క నవ్వి "బాగానే ఉందమ్మా, సాయంత్రానికి ఉంగరం అవుతుంది" అంది.

(ప్రశ్న: "మేడం, రంగులు ఎట్లా వస్తాయి?") లోహాలు. కోబాల్టు చిటికెడు పడితే ముదురు నీలం. ఇనుము ఉంటే పచ్చదనం, పాత సోడా బుడ్డి రంగు అదే, ఇసుకలో ఎట్లాగూ ఇనుము ఉంటుంది, దాన్ని తీసేయడమే కష్టం. రాగి ఉంది చూశారూ, అది జగత్కిలాడీ. గాలి బాగా తగిలే మంటలో నీలం-ఆకుపచ్చ ఇస్తుంది, పొగ మంటలో, అంటే ఆక్సిజన్ తక్కువగా ఉన్నప్పుడు, ఇటుక ఎరుపు ఇస్తుంది. అదే రాగి! ఆ ఇటుక ఎరుపు పూసలకి చాలా పాత చరిత్ర ఉంది, అక్కడికే వస్తున్నా.

పుదుచ్చేరి పక్కన అరికమేడు అనే చోట 1945లో మోర్టిమర్ వీలర్ అనే బ్రిటిష్ పురావస్తు పండితుడు తవ్వకాలు జరిపించినాడు. రోమన్లతో వ్యాపారం చేసిన రేవు. అక్కడ ఇట్లాంటి పూసలే లెక్కలేనన్ని దొరికినాయి. క్రీస్తుకు ముందు శతాబ్దాల నుంచి అక్కడ చేసేవాళ్లు. ఇవే పూసలు ఆగ్నేయాసియాలో దొరుకుతాయి, ఆఫ్రికా తూర్పు తీరంలో దొరుకుతాయి, కొరియా, జపాన్ పాత సమాధుల్లో కూడా దొరికినాయి. పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పరిశోధకుడు వీటికి ఇండో-పసిఫిక్ పూసలు అని పేరు పెట్టినాడు. అంతా బాగుంది, కానీ చచ్చిపోయిన ఊర్లో దొరికిన పూసని చూసి అది ఎట్లా చేసినారో ఎట్లా చెప్తారు? ఆయన పాపానాయుడుపేట వచ్చి చూసినాడు. రెండు వేల ఏళ్ల నాటి పని బతికున్న మనుషుల చేతుల్లో కనపడింది. తరవాత అలోక్ కుమార్ కనుంగో అనే మన పురావస్తు పండితుడు ఈ ఒక్క ఊరి పని మీదనే పుస్తకం రాసినాడు. ప్రపంచంలో పూసల మీద పని చేసేవాళ్లకి పాపానాయుడుపేట తెలుసు. మనకి కాళహస్తి బస్సు కిటికీలోనుంచి కూడా తెలియదు.

ఈ పొట్లం పంపిస్తున్నా, చూసి పక్కవాళ్లకివ్వండి, ఈ భూతద్దంతో చూడండి. పూస కన్నం ఎటు పోతుందో సన్న గీతలు కూడా అటే పోతాయి, లోపల బుడగ ఉంటే అది కూడా పొడుగ్గా సాగి అటే ఉంటుంది. అంటే గుంజి చేసిందని అర్థం. గీతలు కన్నం చుట్టూ తిరిగితే అది తీగకి చుట్టి చేసిన పూస. ఎవరైనా మీకు పాత పూసలని అమ్మబోతే ముందు ఈ ఒక్కటి చూడండి.

మధ్యాహ్నం పక్కనే గుడిమల్లం పోయినాం. పరశురామేశ్వరుడి గుడి. లింగం మీద నిలబడిన పురుషుడి రూపం చెక్కి ఉంటుంది, దేశంలో దొరికిన అతి పాత లింగాల్లో ఒకటి, క్రీస్తుకు పూర్వం రెండో మూడో శతాబ్దాలదని చాలామంది పండితులు అంటారు. అరికమేడులో పూసలు గుంజడం మొదలైంది కూడా కాస్త అటూ ఇటుగా ఆ కాలంలోనే. గర్భగుడిలో చల్లగా ఉంది, బట్టీ దగ్గరనుంచి వచ్చిన ఒంటికి ఇంకా చల్లగా అనిపించింది. చింతచెట్టు కింద పులిహోర తిన్నాం. నాలుగు దోసెలాయన ఇక్కడ కూడా... సరే వదిలేద్దాం.

సాయంత్రం తిరుపతి. అక్కడ ఒక అన్న ఉన్నాడు. ఎన్నో ఏళ్లు మా కాలేజీలో పగిలిన కండెన్సర్లు, స్టాప్‌కాక్‌లు అతికించి ఇచ్చినాయన. పిప్పెట్టు కొసలు కూడా బాగు చేసేవాడు. ఏడాదికొకసారి అట్టపెట్టెలో సర్ది పంపేవాళ్లం, ఎప్పుడూ ఆయన పని చేస్తుంటే చూసింది లేదు. లేబొరేటరీ గాజు మామూలు గాజు కాదు. బోరోసిలికేట్. బోరాన్ కలవడం వల్ల వేడికి చాలా తక్కువ వ్యాకోచిస్తుంది, మామూలు గాజుతో పోలిస్తే మూడో వంతు. అందుకే బీకరుని మంట మీద పెట్టగలం. జర్మనీలో ఓటో షాట్ కనిపెట్టినాడు, 1915 నుంచి అమెరికాలో పైరెక్స్ పేరుతో వంటిళ్లలోకి కూడా వచ్చింది. దానికి కొవ్వొత్తి మంట చాలదు, గ్యాసుకి ఆక్సిజన్ కలిపిన మంట కావాలి.

ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డు. బల్ల మీద బర్నరు. మంట వెలిగించి గొట్టం పెట్టగానే కళ్లు చెదిరే పసుపు మంట లేచింది. గాజులో ఉన్న సోడియం అది. దాని వెలుగులో గాజు కనపడనే కనపడదు. ఆయన వంగపండు రంగు కళ్లజోడు నాకిచ్చి "ఇప్పుడు చూడండి మేడం" అన్నాడు. పెట్టుకుంటే ఆ పసుపు ఎవరో తుడిచేసినట్టు మాయం! మంట నడుమ గాజు నిదానంగా ఎర్రబడి కుంగడం అద్దంలో చూసినట్టు కనపడింది. డిడిమియం అద్దాలవి. సరిగ్గా ఆ సోడియం పసుపుని మింగేస్తాయి. నేను పాఠంలో ఇరవై సార్లు చెప్పి ఉంటా, ఆ పసుపు వెలుగు తరంగదైర్ఘ్యం 589 నానోమీటర్లని. కళ్లకి పెట్టుకుని చూసింది అరవై ఏళ్లు వచ్చినాక.

ఆయన గొట్టానికి ఒక కొస మూసి, ఇంకో కొసకి రబ్బరు ట్యూబు తగిలించి నోట్లో పెట్టుకున్నాడు. రెండు చేతులతో గొట్టాన్ని తిప్పుతూనే ఉన్నాడు. తిప్పడం, తిప్పడం, తిప్పడం. మంటలోనుంచి బయటికి తీసి చిన్నగా ఊదితే గాజు బుగ్గ, అంటే బుడగ, ఉబ్బింది, నిమ్మకాయంత, నారింజంత. ఊదుతూ కూడా తిప్పడం ఆపలేదు. "ఊదడం బెలూన్లమ్మేవాడు కూడా ఊదుతాడు మేడం, తిప్పడం రావాలి" అన్నాడు. రెండు చేతులూ ఒకే వేగంతో తిరగాలి. నడుమ గాజు మెత్తబడిందంటే కుడిచేతికీ ఎడమచేతికీ సంబంధం ఉండదు, ఒకటి కాస్త ముందు పోయినా గొట్టం గుడ్డ పిండినట్టు మెలిపడిపోతుంది. ఆపితే కిందికి జారుతుంది. అది రావడానికి ఆయనకి రెండేళ్లు పట్టిందంట. రెండేళ్లు ఉత్త తిప్పడమే.

నోటితో ఊదడం మనిషి కనిపెట్టింది క్రీస్తుకు ముందు ఒకటో శతాబ్దంలో, మధ్యధరా తూర్పు తీరాన, జెరూసలేం ఆ చుట్టుపక్కల. దానికి ముందు చిన్న సీసా చెయ్యాలంటే మట్టి ముద్దకి గాజు చుట్టి, చల్లారినాక లోపలి మట్టి గీకి తీసేవాళ్లు. ఊదడం తెలిసినాక గాజు సీసా పేదవాడి ఇంటికి కూడా వచ్చింది. వెనిస్‌లో ఈ పని ఎంత పెరిగిందంటే, ఊరు తగలబడుతుందేమో అని భయపడి 1291లో బట్టీలన్నిటినీ మురానో అనే దీవికి పంపేసినారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

అందరూ ఒక్కొక్కసారి ప్రయత్నించినాం. మా దోసెలాయన గట్టిగా ఊదేశాడు. బుగ్గ ఒక్కసారిగా సబ్బు నురగలాగా పొంగి పేలింది. పేలింది అంటే శబ్దం లేదు. జరీ కాగితంకంటే పల్చని గాజు పొరలు గాల్లో తేలుతూ కిందికి దిగినాయి, మా తలల మీద, భుజాల మీద. చీరల మీద మెరుస్తున్నాయి. ఎవరూ కదలొద్దు, కళ్లు నలపొద్దు అని అన్న అరిచి, తడి గుడ్డ తెచ్చి ఒక్కొక్కరినీ తుడిచినాడు. అందంగానే ఉంది. ఊపిరితిత్తుల్లోకి పోతే అందంగా ఉండదు.

నా వంతు వచ్చింది. నేను తిప్పుతున్నాననే అనుకున్నా. "ఎడమచెయ్యి ఆగిపోయింది మేడం." తిప్పుతాను. "ఇప్పుడు కుడిచెయ్యి." నా జన్మలో ఎవరూ ప్రాక్టికల్సులో నన్నింతగా సరిదిద్దలేదు. చివరికి ఏదో ఒక బుగ్గ వచ్చింది, ఒకవైపు వంకరగా, దానిమ్మకాయంత. మెడ దగ్గర కోసి, అంచుని మంటలో చూపించి, తీసుకుపోయి వేడి బూడిదలో పూడ్చినాడు. నేను సంచి తెరిచి పట్టుకుని నిలబడినా. ఆయన నవ్వినాడు. "ఇప్పుడే ఇవ్వను మేడం. మీరే నాకు చెప్పినారు కదా కూజా కథ. తెల్లారినాక తీస్తా, ఇంకోసారి వేడిచేసి చల్లారుస్తా."

బండి డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఇంటికి చేరేటప్పటికి రాత్రి పదకొండున్నర. దారంతా అందరూ నిద్ర. నేను మాత్రం రెండు చేతులూ గాల్లో తిప్పుతూ కూర్చున్నానని మరుసటి రోజు చెప్పినారు.

పది రోజులకి ఆర్టీసీ పార్సెల్లో అట్టపెట్టె వచ్చింది, పాత పేపర్లు కుక్కి, నడుమ ఇది. ఇదిగో. చూడండి, లోపల చిన్న బుడగ కూడా ఉంది, అది నా గొప్పతనం. అప్పటినుంచి టీవీ పక్కనే ఉంది, ఇన్నేళ్లలో ఒక్క "టప్" లేదు. ముందు వరసనుంచి మొదలుపెట్టి చేతులు మార్చుకుంటూ చూడండి. బల్ల మీద పెట్టేటప్పుడు మాత్రం కింద ఏదైనా గుడ్డ ముక్క వెయ్యండమ్మా, అడుగు సమంగా లేదు, దొర్లుతుంది.